కదిలితే చాలు గేమ్ అంతా మసక, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. నెల రోజులుగా కొత్త ఓపెన్ వరల్డ్ గేమ్ ఏది ఆడినా బొమ్మ మసకగా ఉంటోంది. నిలబడి చూస్తే పర్వాలేదు. పరుగెత్తితే చాలు, గడ్డి, చెట్ల ఆకులు, దూరంగా ఉన్న మనుషులు అన్నీ అలికేసినట్టు అయిపోతాయి. పాత గేములు మాత్రం అద్దంలా ఉన్నాయి. స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో చూసినా అదే మసక, కాబట్టి మానిటర్ తప్పు కాదనుకుంటున్నా.

మానిటర్ 24 అంగుళాలు, 1920×1080. గ్రాఫిక్స్ కార్డు 4 జీబీ. మోషన్ బ్లర్, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అనే మసక ఎఫెక్టులు, ఎఫ్‌ఎస్‌ఆర్ (తక్కువ పిక్సెళ్లతో గీసి బొమ్మను పెద్దది చేసే సెట్టింగు) అన్నీ ఆపేశాను.

నా అనుమానమంతా టీఏఏ అనే గ్రాఫిక్స్ సెట్టింగు మీదే. అది వెనకటి ఫ్రేములను ఇప్పటి ఫ్రేముతో కలిపి అంచులు నునుపు చేస్తుంది కదా, 1080పిలో పిక్సెళ్లు తక్కువ కాబట్టి సన్నని వివరాలు పోతున్నాయేమో. కానీ దాన్ని ఆపితే ఆకులు, తీగలు మిలమిలలాడి కళ్లు నొప్పి పుడుతున్నాయి. రెండర్ స్కేల్ (గేమ్ లోపల బొమ్మను గీసే సైజు) 150 శాతం పెడితే ఎంత తేటగా ఉందో! అయితే 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) కాస్తా 32కి పడిపోయింది.

కొత్త కార్డు కొనే స్తోమత ఇప్పుడు లేదు. టీఏఏ ఉంచి షార్పెనింగ్ (అంచులను పదునుగా చూపే సెట్టింగు) ఎంతవరకు పెంచొచ్చు? స్కేల్ 125 పెట్టి నీడలు తగ్గిస్తే సరిపోతుందా? ఇలాంటి కార్డుతోనే ఆడుతున్నవాళ్లు మీ సెట్టింగులు చెప్పండి, ప్లీజ్.