ఉత్తుత్తి ప్రేమ నవలలో అసలు మలుపు ఎక్కడ పెట్టాలి?

తిరుపతి రచయిత్రి:
నేనొక సరదా ప్రేమ నవల రాస్తున్నాను. ఎస్వీ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసే అమ్మాయి పెళ్లిచూపుల గోల తప్పించుకోవడానికి, ల్యాబ్‌లో తనతో పనిచేసే అబ్బాయిని ప్రేమిస్తున్నానని ఇంట్లో నమ్మిస్తుంది. ఐదు అధ్యాయాలు బాగా వచ్చాయి కానీ, ఆ నాటకం నిజమయ్యే చోట ఆగిపోయాను. ముద్దు సీను పెడితే మరీ తొందరగా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

చిత్తూరు పాఠకురాలు:
వాళ్లను కాణిపాకం తీసుకెళ్లండి. అక్కడి వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేయాలంటే మా వైపు ఎవరికైనా భయమే, అందుకే అమ్మాయి వాళ్ల అవ్వ 'ఇద్దరూ ప్రమాణం చేయండి' అంటే చాలు. అమ్మాయికి నోరు పెగలదు, అబ్బాయి మాత్రం తడుముకోకుండా 'నాకు ఇష్టమే' అనేస్తాడు. తిరుగు బస్సులో దారంతా ఆమెకు అదే టెన్షన్.

అలిపిరి వాసి:
చాలా బాగుంది. అయితే అంతకుముందే కాస్త చనువు కనపడాలండీ, లేకపోతే ఆ మాట అతకదు. ముందు వాళ్లను తిరుమలకు నడిచి ఎక్కించండి. అలిపిరి మెట్లు 3550, మోకాళ్ల పర్వతం దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ నటించే ఓపిక ఉండదు. అవ్వ బస్సులో కొండెక్కేసింది, చూసేవాళ్లు లేరు, అయినా అమ్మాయికి కాలు పట్టేస్తే అతను పక్కనే కూర్చుండిపోవాలి.

తిరుపతి రచయిత్రి:
చదువుతుంటేనే కళ్లు చెమర్చాయి. ఈ రాత్రే మెట్ల సీను మొదలుపెడతాను.