ఆక్సిజన్ పెంచితే జెంటామైసిన్ ఎంఐసీ తగ్గాలి కదా, పెరిగిందేంటి?

అగర్‌ప్లేట్:
సూడోమోనాస్ ఏరుజినోసా బ్యాక్టీరియా (ప్రామాణిక స్ట్రెయిన్ ఏటీసీసీ 27853) మీద జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌తో బ్రాత్ మైక్రోడైల్యూషన్, అంటే ద్రవ మాధ్యమంలో మందుని రెట్టింపు మెట్లలో పలచన చేసి ఎంఐసీ (పెరుగుదల ఆపే కనీస మోతాదు) చూడటం. ఒక ప్లేటు మామూలు గాలిలో, ఇంకోటి సీల్ చేసిన జార్‌లో, 95% ఆక్సిజన్, 5% కార్బన్ డయాక్సైడ్ ఉన్న సిలిండర్ గ్యాస్ నింపి. రెండూ 35 డిగ్రీల దగ్గర 18 గంటలు. గాలిలో ఎంఐసీ 1, జార్‌లో 2 మైక్రోగ్రాములు/మి.లీ. ఆక్సిజన్ ఉంటే అమినోగ్లైకోసైడ్లు (జెంటామైసిన్ తరగతి మందులు) బాగా పనిచేస్తాయంటారు, ఇక్కడ తిరగబడింది. తేడా ఎక్కడ వస్తోంది?

బఫర్_7:
ముందు ఒక మాట. 1 నుంచి 2 అంటే ఒకే ఒక్క డైల్యూషన్ మెట్టు, ఈ పద్ధతిలో ఆ మాత్రం అటూ ఇటూ మామూలే. ఈ స్ట్రెయిన్‌కి జెంటామైసిన్ క్యూసీ (నాణ్యత తనిఖీ) పరిధి 0.5–2, మీ రెండు అంకెలూ అందులోనే ఉన్నాయి. అందుకని దాన్ని పెరుగుదల అనలేం.

అయినా ఆ సిలిండర్ ఈ పనికి పనికిరాదు. 5% కార్బన్ డయాక్సైడ్ బ్రాత్‌లో కరిగి పీహెచ్ దించేస్తుంది. ఆమ్లంలో అమినోగ్లైకోసైడ్లు బలహీనపడతాయి, ఆక్సిజన్ వల్ల ఏదైనా లాభం ఉన్నా అది అక్కడే కొట్టుకుపోతుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్ వాడండి. మందూ బ్యాక్టీరియా రెండూ లేని బ్రాత్ 5 మి.లీ. ఒక ట్యూబులో పోసి, మూత వదులుగా పెట్టి అదే జార్‌లో ఉంచండి. జార్ తెరిచిన వెంటనే పీహెచ్ చూడాలి, ఆలస్యమైతే గ్యాస్ పోయి రీడింగ్ మళ్లీ 7.3 దగ్గరికి వచ్చేస్తుంది. కాటయాన్లు సరిచేసిన ముల్లర్-హింటన్ బ్రాతే వాడుతున్నారా? సూడోమోనాస్, జెంటామైసిన్ జోడీకి కాల్షియం, మెగ్నీషియం తేడా కూడా అంకెల్ని కదిలిస్తుంది.

బయోఫిల్మ్‌బెంచ్:
గ్యాస్ మార్చినా ఎంఐసీ పెద్దగా కదలదు, ముందే చెబుతున్నా. జెంటామైసిన్ కణంలోకి వెళ్లాలంటే శ్వాసక్రియ వల్ల పొర మీద ఏర్పడే ప్రోటాన్ చోదక శక్తి కావాలి. గాలితో సంతృప్తమైన నీటిలో 37 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 0.2 మిల్లీమోల్ ఆక్సిజన్ ఉంటుంది. పలచటి ఇనాక్యులమ్‌కి (మొదట వేసే బ్యాక్టీరియాకి), అంటే మి.లీ.కి 5 లక్షల కణాలకి, అదే సరిపోతుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో ఆ 0.2 కాస్తా 1కి చేరినా, ఆకలి లేనివాడికి ఇంకో విస్తరి వేసినట్టే.

ఆక్సిజన్ కరువున్న చోటే తేడా కనిపిస్తుంది: చీముగడ్డ, చచ్చిన ఎముక, మందమైన బయోఫిల్మ్ (బ్యాక్టీరియా పొర). కాబట్టి కణాలను 0.5% అగరోజ్‌లో కలిపి వెల్స్‌లో గడ్డకట్టించి, 24 గంటలు పెంచి, తర్వాత మందు వేసి, 90 నిమిషాలు గ్యాస్ కింద ఉంచండి. ఎంఐసీ కాదు, బతికిన సీఎఫ్‌యూ (ప్లేటు మీద కాలనీ కట్టగల కణాలు) లెక్కపెట్టాలి. అగరోజ్‌ను సెలైన్‌లో బాగా నలిపి, కడిగి, పలచన చేశాకే ప్లేటు మీద వేయండి. మిగిలిపోయిన మందు ప్లేటు మీద కూడా చంపుతూనే ఉంటుంది, ఫలితం ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది. ఇలాంటి అగరోజ్ నమూనాలోనే 2.8 బార్ ఆక్సిజన్ కింద సిప్రోఫ్లాక్సాసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ సూడోమోనాస్‌ని ఎక్కువగా చంపుతుందని కోపెన్‌హాగన్ బృందం చూపించింది.

ఆక్సిజన్ లేని కంట్రోల్ కూడా పెట్టండి, కానీ దానికి ఇ. కోలై ఏటీసీసీ 25922 మేలు. నైట్రేటో ఆర్జినినో లేకపోతే గాలిలేని చోట సూడోమోనాస్ పెరగదు. నైట్రేట్ వేస్తే దాంతోనే శ్వాసిస్తుంది, అప్పుడది శుద్ధమైన కంట్రోల్ కాదు.

అగర్‌ప్లేట్:
ధన్యవాదాలు. మెట్రోనిడజోల్ కూడా ఇందులో కలపొచ్చా?

బయోఫిల్మ్‌బెంచ్:
దాని కథ రివర్స్. బ్యాక్టీరియా లోపల దాని నైట్రో గుంపు ఎలక్ట్రాన్ అందుకుని క్షయకరణం చెందితేనే అది విషమవుతుంది. ఆక్సిజన్ ఉంటే ఆ ఎలక్ట్రాన్‌ని లాగేసుకుని మందుని మొదటికి తెస్తుంది. సూడోమోనాస్ మీద అసలు వేయకండి, బాక్టీరాయిడ్స్ లాంటి వాయురహితాలతో వేరే ప్రయోగం చేసుకోండి.

బఫర్_7:
ఆక్సిజన్ వల్ల పుట్టే రాడికల్సే బ్యాక్టీరియాను చంపుతున్నాయని థీసిస్‌లో రాసేయకండి. 2007లో వచ్చిన ఆ వాదనని 2013లో రెండు బృందాలు గట్టిగా ప్రశ్నించాయి, ఆక్సిజన్ లేకుండానే యాంటీబయాటిక్స్ చంపడం చూపించి.

ఇంకోటి, జార్ మూత అంచుకి వ్యాసలీన్ గానీ మామూలు గ్రీజు గానీ రాయొద్దు, రెగ్యులేటర్‌కైతే అసలే వద్దు. స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో నూనెకి నిప్పంటుకుంటుంది. 2.8 బార్ కావాలంటే ఆక్సిజన్ కోసమే చేసిన ప్రెషర్ వెసెల్ ఉండాలి, గాజు జార్‌లో ప్రెషర్ ఎక్కించకండి.