అప్‌డేట్: పోచంపల్లి చూసివచ్చాం

మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యతో, ఇద్దరు పిల్లలతో హైదరాబాద్ నుంచి ఉదయం వెళ్ళి రాత్రికి ఇల్లు చేరగల చోట్లు చెప్పమని గత నెల అడిగాను. ఎక్కువమంది భూదాన్ పోచంపల్లి అన్నారు. మీ అందరికీ చేతులెత్తి నమస్కారం!

ఒక నేతకారుల ఇంట్లో గంటకు పైగా ఉండిపోయాం. చీర నేశాక రంగులద్దుతారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదు, నేయకముందే నూలుకు లెక్క ప్రకారం ముళ్ళు కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు పట్టదు. ఆయన ముడి విప్పగానే లోపల తెల్లని నూలు కనబడింది. మా పాప ఊపిరి బిగబట్టి చూసింది. ఆ ఇంటి పెద్దావిడ అత్తయ్యకు కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చారు, ఇక ఇద్దరివీ ఒకటే ముచ్చట్లు. 1951లో భూమిలేని పేదలకు భూమి ఇమ్మని వినోబా భావే అడిగితే, భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిచ్చిన ఊరు ఇదేనని బాబుకు చెప్పాను. "అడగగానే ఇచ్చేశారా అమ్మా?" అని దారి పొడవునా అదే ప్రశ్న.

తరువాతి ఆదివారం శంషాబాద్ దగ్గరి అమ్మపల్లి రామాలయానికి వెళ్ళాం. అత్తయ్య కోనేటి మెట్లు దిగలేదు, గట్టు మీదే నీడలో కూర్చుని మాకు పులిహోర వడ్డించారు.

వచ్చే నెల కొలనుపాక జైన మందిరం. అక్కడ మెట్లు ఎక్కువా? వెళ్ళినవారు చెప్పండి.