పడిపోయిన పశువు, లేవలేని మనిషి: ఎంతవరకు వైద్యం, ఎప్పుడు ఆపడం? (చర్చ)

కల్వకుర్తి_పాడి: ఈనినంక పడిపోయిన బర్రెను ఎన్ని రోజులు చూడాలె? ఏ గుర్తులు కనబడితే ఇక లేవదని అనుకోవాలె? సూది వేసి నిద్రపుచ్చుడు చట్టం ప్రకారం చెల్లుతదా? ఊర్ల ఒక్కొక్కరిది ఒక్కో మాట. పని తెలిసినోళ్లు వివరంగ రాయండి.

పశువైద్యం_దేవరకొండ: ముందు పాల జ్వరమా (ఈనిన పశువు రక్తంలో కాల్షియం పడిపోవడం) కాదా తేల్చుకోవాలి. ఈనిన మూడు రోజుల లోపల పడిపోవడం, మెడ పక్కకు వంచి డొక్క మీద పెట్టుకోవడం, చెవులు చల్లబడడం, ముట్టె ఎండిపోవడం, పేడ ఆగిపోవడం దాని గుర్తులు. వెంటనే వైద్యం అందితే ఇది చావు రోగం కాదు. కాల్షియం బోరోగ్లూకోనేట్ 450 మి.లీ. సీసా నరానికి ఎక్కిస్తే చాలా బర్రెలు కొన్ని గంటల్లోనే లేస్తాయి. సీసా మొత్తం ఎక్కడానికి కనీసం 10–15 నిమిషాలు పట్టాలి. తొందరపడి వేగంగా వదిలితే గుండె లయ తప్పి పశువు అక్కడే పోతుంది. అందుకే ఈ పని డాక్టరే చేయాలి, ఒక చెయ్యి గుండె మీద ఉండాలి. మూత్రం ఎర్రగా, కాఫీ రంగులో పోస్తుంటే భాస్వరం లోపం అయి ఉండొచ్చు, దాని వైద్యం వేరు. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఈ పరీక్ష జరగకముందే "ఇక లాభం లేదు" అనే మాట ఎవరూ అనకూడదు.

గోపాలమిత్ర_అచ్చంపేట: సార్ చెప్పింది నిజం. కాల్షియం ఎక్కినా లేవకపోతుంటే చాలాసార్లు అసలు కారణం పడుకోబెట్టిన తీరే. అయిదు వందల కిలోల బరువు ఒకే తొడ మీద ఆరేడు గంటలు పడితే ఆ కండకు రక్తం అందదు, కండ చచ్చిపోతది. రోగం తగ్గినా కాలు పనిచేయదు. సిమెంటు గచ్చు మీది నుంచి మొదటి గంటలోనే జరపాలె. కాళ్లు పట్టి గుంజకుండా తడక మీదికో టార్పాలిన్ మీదికో దొర్లించి లాగాలె. కింద ఇసుక గానీ వరిగడ్డి గానీ అడుగు మందం ఉండాలె. మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చాలె, రాత్రి కూడా. రొమ్ము మీద కూర్చునేటట్టు రెండు పక్కల గడ్డి మోపులు ఆనించాలె. నీళ్లు నోటికి అందే దూరంలో పెట్టాలె.

వెనక కాళ్లు రెండు దిక్కులకు జారిపోతుంటే దూడ పెద్దదై లోపల నరం నలిగిందని అర్థం. గిట్టల పైన రెండు కాళ్లకు మెత్తటి తాడుతో, మధ్యల అడుగున్నర సందు వదిలి బంధం వేస్తే చీలిపోకుండ ఉంటది. తుంటికి క్లాంపు తగిలించి లేపితే ఒక్కసారికి 10–15 నిమిషాలకు మించొద్దు. దాని మీద వేలాడదీసి వదిలేస్తే తుంటి ఎముక మీది కండ చితికిపోతది.

కల్వకుర్తి_పాడి: ఇవన్నీ చేసినంక కూడా లేవకపోతే?

పశువైద్యం_దేవరకొండ: మేత తింటూ, నెమరేస్తూ, రొమ్ము మీద కూర్చుని ముందుకు పాకడానికి చూస్తుంటే వారం పది రోజులు ఓపిక పట్టొచ్చు. కూర్చోబెట్టిన ప్రతిసారీ పక్కకు వాలి తల వెనక్కి పడేస్తుంటే, మేత ముట్టకపోతే ఆశ తక్కువ. తోకలో పట్టు లేకపోవడం, వెనక కాళ్లు సూదికి స్పందించకపోవడం వెన్నుపూస దెబ్బ. తొడ ఎముక విరిగినా, ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చినా పెద్ద పశువులో అతకదు. అదే దూడకైతే మోకాలి కింద ఎముక విరిగితే, పిండికట్టు వేస్తే చాలావరకు అతుకుతుంది. పెద్ద బర్రెకు చెప్పే మాట దూడకు చెప్పొద్దు.

సూర్యాపేట_జీవాలు: వారం పది రోజులు అనేది అందరికీ వర్తించదని గట్టిగా రాయండి సార్. ఆ మాట పట్టుకుని వెన్ను విరిగిన ఎద్దును కూడా పది రోజులు ఎండలో పడేస్తారు. పుండ్లు పడతాయి, పురుగులు పడతాయి, కాకులు పొడుస్తాయి. విరిగిందని డాక్టరు తేల్చిన రోజే నిర్ణయం కావాలి. "మన చేతులతో పాపం ఎందుకు, దాని టైం వచ్చినప్పుడు అదే పోతుంది" అనడం దయ కాదు. నొప్పి భరించేది పశువు, పాపం లెక్క వేసుకునేది మనం. ముసలి ఎద్దును హైవే పక్కన వదిలి రావడం అంతకంటే ఘోరం. తిండికి, నీళ్లకు అల్లాడే స్థితిలో పశువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం.

పశువైద్యం_దేవరకొండ: ఒప్పుకుంటున్నా. నేను రాసిన గడువు ఎముక విరిగిన పశువులకు కాదు, నరం, కండ దెబ్బలకు మాత్రమే.

చట్టం సంగతి. బతికించి ఉంచడమే హింస అయ్యే పశువు గురించి ఆ చట్టంలోనే 13వ సెక్షన్ ఉంది. యజమాని లేకపోయినా, ఒప్పుకోకపోయినా, కానిస్టేబుల్ కంటే పై హోదా పోలీసు ఆ ప్రాంత పశువైద్యాధికారిని పిలిపించాలి. ఆయన ధ్రువీకరిస్తే, మేజిస్ట్రేటు ఉత్తర్వు తీసుకుని ఆ పని చేయిస్తారు. రోడ్డు ప్రమాదంలో పడ్డ దిక్కులేని ఆవులకు ఇదే దారి. యజమాని ఉన్నచోట అతని రాతపూర్వక ఒప్పుదల, డాక్టరు పరీక్ష కాగితం రెండూ ఉండాలి. ఆవు అయితే గోవధ నిషేధ చట్టం పేరుతో తగాదా వచ్చే వీలుంది కాబట్టి కాగితాలు ముందే సిద్ధం చేసుకోవాలి.

పద్ధతి డాక్టరు చేతిలోదే. చూసేవాళ్లు గమనించాల్సింది ఒక్కటే: ముందు పశువు పూర్తిగా స్పృహ కోల్పోవాలి, తర్వాతే చివరి మందు. మత్తు లేకుండా ఊపిరి కండరాలనో గుండెనో ఆపే మందు ఎక్కిస్తే పశువు తెలివితోనే ఊపిరాడక కొట్టుకుంటుంది. అలాంటిది కనబడితే ఆపమని అడిగే హక్కు మీకుంది. తర్వాత స్టెతస్కోపుతో అయిదు నిమిషాలు గుండె వినాలి, కనుగుడ్డు తాకినా రెప్ప కదలకూడదు. కళ్లు తెరుచుకునే ఉంటాయి, ఒకటి రెండు ఎగశ్వాసలు రావచ్చు, మూత్రం పోవచ్చు. అది ప్రాణం తిరిగి రావడం కాదు. ఇంట్లో వాళ్లకు ఈ మాట ముందే చెప్పకపోతే జీవితాంతం బాధపడతారు.

గోపాలమిత్ర_అచ్చంపేట: ఇన్సూరెన్సు ఉన్నోళ్లకు ఒక మాట. కావాలని చంపితే పాలసీ చెల్లదు. నయంకాని బాధ నుంచి తప్పించడానికి పశువైద్యుడు రాసిచ్చిన ధ్రువపత్రం ఉంటే మాత్రం మినహాయింపు ఉంటది. కంపెనీకి ముందే తెలియజేయాలె. చెవి ట్యాగు పోతే క్లెయిమ్ పోయినట్టే, ట్యాగుతోనే ఫొటో తీయాలె.

కళేబరాన్ని తోలు తీసేటోళ్లకు గానీ కుక్కలకు గానీ వదలొద్దు. మత్తుమందు మాంసంలో ఉంటది, తిన్న కుక్క, రాబందు పోతయి. పైన మూడు నాలుగు అడుగుల మన్ను పడేంత లోతు గొయ్యి తీసి, సున్నం చల్లి, బావికి, బోరుకు, చెరువుకు దూరంగ పూడ్చాలె. అంతకుముందు రోజుల్లో నొప్పికి డైక్లోఫెనాక్ ఇచ్చి ఉంటే అదీ రాబందులకు విషమే. 2006లోనే పశువులకు నిషేధించిండ్రు. దాని బదులు మెలాక్సికామ్ అడగండి.

ఉన్నట్టుండి చచ్చి, ముక్కు, వెనక ద్వారం నుంచి గడ్డకట్టని నల్లరక్తం కారితే అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్, మనుషులకూ అంటుతది) కావొచ్చు. కొయ్యొద్దు, తోలు తీయొద్దు, డాక్టరుకు చెప్పండి.

సూర్యాపేట_జీవాలు: పిచ్చికుక్క కరిచిన పశువు గురించి కూడా. గొంతు బొంగురుపోయి అరుస్తూ, చొంగ కారుస్తూ, మేత మింగలేకపోతుంటే "గొంతులో ఏదో ఇరుక్కుంది" అని నోట్లో చెయ్యి పెడతారు. పెట్టొద్దు. లక్షణాలు మొదలైతే రేబిస్‌కు వైద్యం లేదు, అక్కడ ఆలస్యం చేయడం పశువుకూ మనుషులకూ నష్టం. పరీక్షకు మెదడు కావాలి కాబట్టి తలకు దెబ్బ తగలకూడదు. చొంగ అంటుకున్నవాళ్లు సబ్బుతో పావుగంట కడుక్కుని అదే రోజు పీహెచ్‌సీకి వెళ్లాలి.

మర్రిగూడ_చదువరి: పశువుకు ఇంత ఆలోచిస్తున్నాం. ఫ్లోరైడుతో వెన్ను వంగి, మంచం మీద కదలలేని పెద్దవాళ్లు మా దిక్కు ఎందరో ఉన్నారు. "నాకూ ఒక సూది వేయరాదా" అని అడిగే మనిషికి ఏం చెప్పాలి?

నర్సింగ్_పాలమూరు: ఆ మాటకు వెంటనే చట్టం చెప్పకండి అక్కా. "ఎక్కడ నొప్పి, రాత్రి నిద్ర పడుతోందా, మీ వల్ల ఇంట్లో భారం అనిపిస్తోందా" అని కూర్చుని అడగండి. చాలామందిలో ఆ కోరిక కింద చూడని నొప్పి, మలబద్ధకం, పక్క పుండ్లు, ఒంటరితనం, దిగులు ఉంటాయి. అవన్నీ వైద్యం ఉన్నవే. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, మడమల కింద దిండు పెట్టాలి. జిల్లా దవాఖానలో పాలియేటివ్ సేవలు (నయంకాని రోగంలో నొప్పి, బాధ తగ్గించే వైద్యం) ఉన్నాయా అని అడగండి, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానలో ఆ విభాగం ఉంది. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ ఇస్తే మనిషి పోతాడనేది అపోహ. డాక్టరు లెక్క ప్రకారం వాడితే నొప్పి మాత్రమే పోతుంది. మొదటి రోజు నుంచే విరేచనం సాఫీగా అయ్యే మందు జతచేయాలి, లేకపోతే మలబద్ధకం భరించలేక మార్ఫినే మానేస్తారు. "చచ్చిపోతా" అని పదేపదే అంటుంటే ఒంటరిగా వదలకండి, టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి.

నల్లగొండ_వకీలు: సూదితో ప్రాణం తీయడం మన దేశంలో నేరం, డాక్టరు చేసినా సరే. ఫలితం లేని చికిత్సను ఆపడం వేరు. 2004లో హైదరాబాద్‌లో కండరాల క్షీణతతో ఉన్న వెంకటేశ్, తన అవయవాలు ఇతరులకు పనికొచ్చేలా ప్రాణాధార యంత్రాలు ఆపమని కోరితే హైకోర్టు ఒప్పుకోలేదు. 2011లో, దాడి తర్వాత ఏళ్ల తరబడి స్పృహ లేకుండా పడి ఉన్న ముంబై నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులో, చికిత్స ఆపడానికి సుప్రీంకోర్టు తలుపు కొంచెం తెరిచింది. 2018 మార్చి 9న గౌరవంగా మరణించడం కూడా జీవించే హక్కులో భాగమేనని, ముందస్తు వీలునామా (చెప్పలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే కాగితం) చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. ఆ పద్ధతి ఆచరణలో నడవకపోవడంతో 2023 జనవరిలో సడలించింది.

ఇప్పుడు 18 ఏళ్లు నిండి, తెలివితో ఉన్న ఎవరైనా ఈ వీలునామా మీద ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారితో ధ్రువీకరించుకోవచ్చు. తన తరఫున మాట్లాడేవాళ్ల పేర్లు ఒకటి కంటే ఎక్కువ రాయొచ్చు. ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. అమలుకు వచ్చినప్పుడు చికిత్స చేస్తున్న డాక్టరుతో పాటు మరో ఇద్దరు నిపుణులతో దవాఖాన బోర్డు, దాని మీద జిల్లా వైద్యాధికారి నామినేట్ చేసిన డాక్టరు ఉండే రెండో బోర్డు. ఒక్కో బోర్డు వీలైతే 48 గంటల్లో చెప్పాలి. ఆపే ముందు దవాఖాన మేజిస్ట్రేటుకు తెలియజేస్తుంది. వీలునామా లేకపోయినా కుటుంబం ఒప్పుదలతో ఇదే దారి.

మర్రిగూడ_చదువరి: కాగితం రాసి బీరువాలో పెడితే ఎవరికి తెలుస్తుంది?

నల్లగొండ_వకీలు: అక్కడే చాలా వీలునామాలు ఆగిపోతాయి. ఒక నకలు పేరు రాసిన బంధువులకు, ఒకటి ఎప్పుడూ చూపించుకునే డాక్టరుకు, ఒకటి పంచాయతీ లేదా మున్సిపాలిటీ అధికారికి ఇచ్చి రసీదు సంతకం తీసుకోండి. "యంత్రాలు వద్దు" అని ఒక్క ముక్క రాస్తే బోర్డుకు ఏం అర్థం కాదు. వెంటిలేటర్, డయాలసిస్, గొట్టం ద్వారా ఆహారం, గుండె ఆగితే మళ్లీ కొట్టించడం, వీటిలో ఏది ఏ స్థితిలో వద్దో విడివిడిగా రాయించండి. నొప్పి మందు, నోరు తడపడం, శుభ్రత మాత్రం చివరిదాకా కావాలని కూడా రాయించండి.