మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో జీరో ట్రస్ట్ కుదురుతుందా?

ప్రశ్న (చిత్తూరు):
మాది తోతాపురి గుజ్జు తీసే ఫ్యాక్టరీ. జీరో ట్రస్ట్ అంటే లోపలివాళ్ళనైనా నమ్మకుండా ప్రతిసారీ తనిఖీ చేశాకే రానివ్వడం కదా, అందుకని ఆఫీసు కంప్యూటర్లకు ఓటీపీ లాగిన్ పెట్టేశాను. లైన్ మీదున్న పాత పీఎల్‌సీలు (మెషిన్లను నడిపే చిన్న కంప్యూటర్లు) మాత్రం పాస్‌వర్డే అడగవు. సీజన్లో లైన్ ఆపితే ఓనరు ఊరుకోడు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:
పీఎల్‌సీల జోలికి పోవద్దు, అన్నా. వాటిని వేరే వీల్యాన్‌లోకి (నెట్‌వర్క్‌లో విడదీసిన భాగం) మార్చి, దాని ముందు ఫైర్‌వాల్, జంప్ సర్వర్ (లోపలికి వెళ్ళేవాళ్ళంతా దాటాల్సిన కంప్యూటర్) పెట్టు. ఓటీపీ అక్కడ అడిగితే చాలు. బయటి సర్వీసు ఇంజినీరుకు పని ఉన్నంతసేపే యాక్సెస్. జీరో ట్రస్ట్ మీద అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2020లో ఇచ్చిన 800-207 పత్రం చూడు, అదీ మెల్లమెల్లగా మారమనే చెబుతుంది.

జవాబు (తిరుపతి, ఆసుపత్రి ఐటీ):
మా చిక్కు వేరు. ఐసీయూలో గ్లవ్స్ వేసుకున్న నర్సు ఫోన్ తీసి ఓటీపీ కొడుతుందా? బ్యాడ్జ్ ట్యాప్ (ఐడీ కార్డు తాకిస్తే లాగిన్) పెట్టాం. ఎమర్జెన్సీ ఖాతా ఒకటి ఉంది. వాడితే మర్నాడు లాగ్ చూసి కారణం అడుగుతాం, డాక్టర్లు కాస్త విసుక్కుంటారు.

ప్రశ్న వేసినవారు:
వీల్యాన్ పని సీజన్ అయ్యాకే. సర్వీసువాళ్ళ రిమోట్ కనెక్షన్ మాత్రం రేపే కట్.