తుంటి ఆపరేషన్ జరిగి మూడు నెలలు దాటింది, అమ్మ కుర్చీలోంచి తనంతట తాను లేవలేకపోతోంది

ప్రశ్న (ఖమ్మం నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మకు 71 ఏళ్లు, బరువు 52 కిలోలు. సంక్రాంతికి ముందు స్నానాల గదిలో తడి నేల మీద జారిపడడంతో తుంటి దగ్గర తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. రెండు నెలలకు తీసిన ఎక్స్‌రే చూసి, ఎముక బాగానే అతుక్కుంటోందని, ఆ కాలి మీద పూర్తి బరువు మోపవచ్చని డాక్టరుగారు చెప్పారు. ఇప్పుడు వాకర్ పట్టుకుని మంచం దగ్గరి నుంచి బాత్రూము దాకా నడుస్తోంది కానీ, కూర్చున్న చోటి నుంచి లేవాలంటే మాత్రం ఎవరో ఒకరు చంక కింద చెయ్యి వేసి లేపవలసిందే. నేను బడికి వెళ్లాక, బాత్రూముకు లేవవలసి వస్తుందేమోనన్న భయంతో సాయంత్రం దాకా మంచినీళ్లు కూడా తాగడం లేదని ఈమధ్యనే తెలిసింది.

ఇంటికి వచ్చిన ఫిజియోథెరపీ అబ్బాయి పదిహేను రోజులు కరెంటు పెట్టి, కాలిని తానే పైకీ కిందికీ ఆడించి వెళ్లాడు. చుట్టాలేమో ఈ వయసులో ఇంకేం బలం వస్తుంది, ఆమెను కదిలించి బాధపెట్టవద్దంటున్నారు. పోయిన కండ నిజంగా తిరిగి వస్తుందా? వచ్చేటట్లయితే ఇంట్లో ఏం చేయించాలి, ఎంతవరకు చేయించవచ్చు?

మొదటి సమాధానం (ఫిజియోథెరపిస్టు, హనుమకొండ)

వస్తుందండీ. 1990లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, బోస్టన్‌లోని వృద్ధుల కేంద్రంలో ఉంటున్న, సగటున 90 ఏళ్ల వయసున్న పదిమంది చేత ఎనిమిది వారాలు బరువులతో కాళ్ల వ్యాయామం చేయించారు. చివరిదాకా నిలిచినవారి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. వాళ్లతో పోలిస్తే మీ అమ్మగారు చిన్నవారే. ఇక విశ్రాంతి సంగతి అంటారా, ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిని పది రోజులు మంచానికే పరిమితం చేసి చూసిన 2007 నాటి అధ్యయనంలో, ఆ పది రోజులకే కాళ్లలో సుమారు కిలో కండ తగ్గిపోయింది. కాబట్టి కదిలించవద్దన్న సలహా ప్రేమతో చెప్పిందే అయినా, మీ అమ్మగారిని ఇంకా బలహీనపరిచేది అదే.

మా వృత్తివారి గురించి కూడా ఒక మాట ఒప్పుకోవాలి. కరెంటు పెట్టడం నొప్పికి కొంత ఉపశమనం ఇస్తుంది, మరొకరు కాలిని ఆడించడం కీలు బిగుసుకుపోకుండా చూస్తుంది. కండ పెరగాలంటే మాత్రం పని ఆ కండే చెయ్యాలి, అదీ తనకు సులువుగా అనిపించేదానికన్నా కొంచెం ఎక్కువగా చెయ్యాలి. పని సులువైపోయిన రోజున దాన్ని మళ్లీ కొంచెం కష్టం చెయ్యకపోతే పెరుగుదల అక్కడితో ఆగిపోతుంది.

మీ అమ్మగారికి కుర్చీలోంచి లేవడమే వ్యాయామం చేయండి. చేతులున్న బరువైన చెక్క కుర్చీని గోడకు ఆనించండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, వెనక్కి జారిపోతుంది. కుర్చీ మీద దుప్పట్లు గట్టిగా మడిచి ఒకదానిపై ఒకటి పరిచి, అవి జారకుండా కట్టి, మీ చేతి సాయం లేకుండా ఆమె లేవగలిగేంత ఎత్తు చేయండి. ఆమెను సీటు అంచుకు జరగమని, పాదాలను మోకాళ్లకన్నా కొంచెం వెనక్కి లాక్కోమని, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి అప్పుడు లేవమని చెప్పండి. మనవాళ్లలో చాలామంది పడిపోతామన్న భయంతో వెనక్కి వాలి లేవబోతారు, అందుకే లేవలేకపోతారు. కూర్చునేటప్పుడు దబ్బున కూలబడకుండా, మూడు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా దిగమనండి, ఎందుకంటే ఆ దిగడంలోనూ తొడ కండకు మంచి పని ఉంటుంది. మొదట ఐదుసార్లు చేయించి, కాసేపు ఆగి మరో ఐదుసార్లు చేయించండి. పదేసి సార్లు రెండు విడతలు తేలికగా చేయగలిగిన రోజున ఒక దుప్పటి తీసేయండి.

మరునాడు తొడలు పట్టేసినట్లుండి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతే భయపడనక్కర్లేదు. గజ్జలో కొత్తగా నొప్పి వచ్చినా, కుంటు పెరిగినా, పిక్క వాచి నొప్పి పుట్టినా వెంటనే ఆపి డాక్టరుగారికి చూపించాలి. ఆమె బీపీ మాత్రలు వేసుకుంటున్నట్లయితే, లేచాక కళ్లు తిరుగుతున్నాయేమో మొదటి వారం ప్రత్యేకంగా గమనించండి. మంచినీళ్లు మానేయడం కూడా కళ్లు తిరగడానికి దారి తీస్తుంది.

రెండో సమాధానం (విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం)

అమ్మాయీ, నాకు 77 ఏళ్లు. నాలుగేళ్ల క్రితం నాకూ ఇదే తుంటి విరిగింది. వైద్యులవారు చెప్పిన దాంట్లో లోపం లేదు కానీ, ఆ కుర్చీలో కూర్చున్నవారికి తెలిసే విషయం ఒకటి ఉంది. కాలు ఎప్పుడో బాగుపడింది, భయం మాత్రం నన్ను మరో ఐదు నెలలు వాకర్‌కే కట్టిపడేసింది. నేను లేవబోతే చాలు, కోడలు పరుగెత్తుకొచ్చి పట్టుకునేది; ఆ పిల్ల మంచితనం వల్ల నా కాళ్ల మీద నాకున్న కాస్త నమ్మకం కూడా పోయింది. మీరు పక్కనే నిలబడండి, చేతులు మాత్రం వెనక్కి పెట్టుకోండి.

రెండోది, మెట్లు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బతిన్న కాలు ముందు. చేతికర్ర కూడా దెబ్బతిన్న కాలి వైపు కాదు, అవతలి చేత్తో పట్టుకోవాలి. నేను రెండు నెలలు తప్పు చేత్తోనే పట్టుకున్నాను, ఒక్కరూ చెప్పలేదు. కాలికి ఇసుక సంచి కట్టమని కూడా ఎవరైనా చెబుతారు, ఆ జోలికి మాత్రం పోవద్దని నా సలహా. నాకు కట్టిన రోజున మోకాలు పట్టేసింది.

మూడో సమాధానం (హైదరాబాదు)

మా అత్తగారిని చూసుకున్న అనుభవంతో తిండి గురించి మాత్రమే రాస్తున్నాను. పెద్దవారికి కిలో శరీర బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలని మాకు ఆహార నిపుణురాలు చెప్పారు. ఆ లెక్కన మీ అమ్మగారికి 52 నుంచి 62 గ్రాములు అవసరం. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం చారన్నం, రాత్రి మజ్జిగన్నం తింటే అందులో సగమైనా అందడం కష్టం. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములుంటుంది. గుడ్డు తిననివారికి ముద్దపప్పు, పెసరట్టు, గట్టి పెరుగు, ఉడికించిన శనగలు ఉన్నాయి. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరును అడగకుండా పెంచవద్దు. డబ్బాలో అమ్మే పొడి తాగించి ఊరుకుంటే ప్రయోజనం ఉండదు. 1994లో బోస్టన్‌లోనే నూరుమంది వృద్ధులతో చేసిన పరిశోధనలో, పోషకాహార పానీయం మాత్రమే తాగినవారి బలం పెరగలేదు, వ్యాయామం చేసినవారి బలమే పెరిగింది.

ప్రశ్న అడిగినవారు (పన్నెండు రోజుల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. నాలుగు దుప్పట్లతో మొదలుపెట్టాం. మొదటి రోజు మూడుసార్లు లేచి, ఇక చాలంది. మాస్టారూ, మీరు చెప్పినట్లు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడడం నాకే ఎక్కువ కష్టమైంది. నిన్నటితో రెండు దుప్పట్లు తీసేశాం. నేను బడి నుంచి వచ్చేసరికి కూజాలో నీళ్లు సగానికి దిగి ఉన్నాయి. రెండు సందేహాలు మిగిలాయి. ఇసుక సంచి కట్టవచ్చా, వద్దా? పూజ దగ్గర నేల మీద కూర్చుంటానంటోంది, కూర్చోనివ్వవచ్చా?

మొదటి సమాధానమిచ్చినవారు

ఇసుక సంచి విషయంలో పెద్దాయన అనుభవాన్ని కాదనను. మొదటి రోజే ఎక్కువ బరువు కట్టి ఉంటారు. మిగిలిన రెండు దుప్పట్లు కూడా తీసేశాక అరకిలోతో మొదలుపెట్టవచ్చు. అది కూడా కుర్చీలో కూర్చుని మోకాలు చాచడానికే, కట్టుకుని నడవకూడదు. సంచి కట్టుకున్నప్పుడు మోకాలి చిప్ప కింద నొప్పి పుడితే తీసేయండి.

నేల మీద కూర్చోవడానికి తొందరపడవద్దు. కీలు మార్చినవారికి ఉండే కట్టుబాట్లు అన్నీ రాడ్డు వేసినవారికి వర్తించవు, అయినా ఎముక పూర్తిగా అతికిందో లేదో ఆపరేషన్ చేసిన డాక్టరుగారే చెప్పాలి. ఆయన సరేనన్నా, నేల మీద నుంచి లేవడానికి కుర్చీలోంచి లేవడం కన్నా చాలా ఎక్కువ బలం కావాలి. దుప్పట్లు లేని కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా పదిసార్లు లేవగలిగాక, మొదట పీట మీద ప్రయత్నించండి. అప్పటిదాకా దేవుడి పటాలను ఒక బల్ల మీదికి మార్చి, ఎదురుగా ఆ చెక్క కుర్చీనే వేయండి. హారతికి ఎలాగూ లేచి నిలబడాలి కదా.