కొత్తగా ట్రాంబోన్, యుఫోనియం, ట్యూబా మొదలుపెట్టేవాళ్లు ముందు ఏం కొనాలి? చప్పుడు తగ్గించడానికి వాయిద్యం మూతిలో దూర్చే ప్రాక్టీస్ మ్యూట్ మొదటి ఏడాదిలో మంచిదా, చెడ్డదా?

కొత్త_స్లైడ్:
ఈమధ్యే ట్రాంబోన్ మొదలుపెట్టాను. ఎఫ్ అటాచ్‌మెంట్ (బొటనవేలితో నొక్కే అదనపు వాల్వ్, గొట్టం) లేని మామూలు టెనర్, సెకండ్ హ్యాండ్‌ది. మా చెల్లి అదే బ్యాండ్‌లో యుఫోనియం తీసుకుంది. కొత్తవాళ్లు కొనుక్కోవాల్సినవంటూ మాకొక జాబితా ఇచ్చారు: స్లైడ్ క్రీము, వాల్వ్ ఆయిల్, శ్రుతి సరిచేసే ట్యూనింగ్ స్లైడ్‌కి రాసే గ్రీజు, మౌత్‌పీస్ బ్రష్, గొట్టాల్లోకి దూర్చే పొడవాటి బ్రష్, ట్యూనర్, మెట్రోనోమ్, మ్యూజిక్ స్టాండ్, ఇంకో మౌత్‌పీస్, ప్రాక్టీస్ మ్యూట్. అన్నీ ఒకేసారి కొనలేం. ఇంట్లో చప్పుడుతో ఇబ్బందిగా ఉంది కాబట్టి నేను ముందు మ్యూటే తీసుకుందామనుకున్నా. టీచరేమో మొదటి ఏడాది దాని జోలికే వెళ్లొద్దంటున్నారు. సీనియర్లేమో అది లేకపోతే ప్రాక్టీసే సాగదంటున్నారు. ఎవరి మాట వినాలి?

పెడల్‌టోన్:
టీచర్ మాట వినండి. ఊరికే భయపెట్టడానికి చెప్పింది కాదది. ప్రాక్టీస్ మ్యూట్ బెల్ (వాయిద్యం చివర గరాటాలా విచ్చుకునే భాగం) మూతిని దాదాపు మూసేస్తుంది, గాలి బయటికి పోవడానికి చిన్న సందు మాత్రమే మిగులుతుంది. దాంతో ఊదిన గాలి వెనక్కి తన్నినట్టు ఉంటుంది. లో బ్రాస్ (ట్రాంబోన్, యుఫోనియం, ట్యూబా లాంటి మంద్రస్వర ఇత్తడి వాయిద్యాలు) వాయించడంలో మొదట నేర్చుకోవాల్సింది గాలిని పుష్కలంగా, అడ్డు లేకుండా వదలడం. మ్యూట్ పెట్టుకుని నేర్చుకున్నవాళ్లు ఆ అడ్డుకే అలవాటుపడి గొంతు బిగించి నెడతారు. మ్యూట్ తీశాక కూడా అదే బిగింపు ఉంటుంది.

ట్రాంబోన్‌కి ఇంకో చిక్కుంది. చాలా ప్రాక్టీస్ మ్యూట్లు శ్రుతిని కొంచెం పైకి లాగుతాయి. మీకు వాల్వులు లేవు, స్లైడ్ ఎక్కడ ఆపాలో చెప్పేది చెవే. శ్రుతి పైకి పోతోందని చెవికి తెలిసి చెయ్యి స్లైడ్‌ని కాస్త బయటికి జరుపుతుంది. రేపు మ్యూట్ లేకుండా అక్కడే ఆపితే స్వరం కిందికి పడుతుంది. అంటే పొజిషన్లు (స్లైడ్ ఆపాల్సిన చోట్లు) రెండు రకాలుగా నేర్చుకుంటున్నారన్నమాట, అదీ అసలు పొజిషన్లు ఇంకా కుదరకముందే.

పక్కింటి_గోడ:
పెడల్‌టోన్ గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ అవన్నీ వాయించేవాళ్ల సమస్యలు. వాయించలేనివాడి సమస్య వేరు. బ్యాండ్ గదిలో వారానికొకసారి తప్ప ట్రాంబోన్ బయటికి తీయనివాడికి గొంతు బిగింపూ లేదు, పొజిషన్లూ లేవు, అసలేమీ లేదు. మ్యూట్‌తోనైనా రోజూ పావుగంట వాయిస్తే స్లైడ్ చేతికి అలవాటవుతుంది. బేస్ క్లెఫ్ (కింది స్వరాలు రాసే పద్ధతి) చదవడం వస్తుంది, నాలుకతో స్వరం అందుకోవడం వస్తుంది, లయ నిలబడుతుంది. వీటిలో దేనికీ బెల్ తెరిచి ఉండక్కర్లేదు.

పైగా అన్ని మ్యూట్లూ ఒకటి కావు. యమహా సైలెంట్ బ్రాస్ లాంటివాటిలో మ్యూట్ లోపలే మైకు ఉంటుంది, మన శబ్దం హెడ్‌ఫోన్స్‌లో వినొచ్చు. మ్యూట్ అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

పెడల్‌టోన్:
హెడ్‌ఫోన్స్‌లో వినేది మైకుకి అందిన శబ్దం. గదిని నింపే శబ్దం అది కాదు. కొత్తవాడికి తన టోన్ ఎలా ఉందో తెలియాల్సింది గదిలోనే.

రోటర్_బాబాయ్:
మీరిద్దరూ మ్యూట్ దగ్గరే కొట్టుకుంటున్నారు. ఆ అబ్బాయిది సెకండ్ హ్యాండ్ ట్రాంబోన్ అన్నాడు, స్లైడ్ ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు!

బాబూ, ముందు స్లైడ్ చూడు. ట్రాంబోన్‌ని నిలువుగా పట్టుకో, స్లైడ్ అడుగున చెయ్యి అడ్డం పెట్టు, అప్పుడు లాక్ తియ్యి. బయటి గొట్టం తన బరువుకే మెత్తగా కిందికి జారాలి. మధ్యలో ఎక్కడైనా ఆగితే, గరగరమంటే అక్కడ సొట్టయినా ఉండాలి, రెండు గొట్టాలు సమంగానైనా లేకపోవాలి, లేదా లోపల మురికైనా పేరుకుని ఉండాలి. మురికైతే నువ్వే తీసుకోవచ్చు. మొదటి రెండైతే రిపేరువాడి దగ్గరకే. సొట్ట ఉన్న స్లైడ్‌కి ఎంత ఖరీదైన క్రీము రాసినా డబ్బు దండగ.

క్రీము రాసే పద్ధతి కూడా చెప్తా, చాలామంది పేస్టులా దట్టంగా పూసేస్తారు. లోపలి గొట్టాల చివర కాస్త లావుగా ఉండే భాగం ఉంటుంది, దాన్ని స్టాకింగ్ అంటారు. బయటి గొట్టానికి నిజంగా ఆనేది అదే. పాత క్రీముని గుడ్డతో పూర్తిగా తుడిచి, స్టాకింగ్ మీద పలచగా రాసి, పైన చిన్న స్ప్రే సీసాతో నీళ్లు చల్లు. వాయించే మధ్యలో బరువెక్కినట్టనిపిస్తే మళ్లీ నీళ్లే చల్లాలి, క్రీము కాదు. రెండు కంపెనీలవి కలపకు. వాల్వ్ ఆయిల్ వేస్తే కాసేపు జారుతుంది, త్వరగా ఆరిపోయి మళ్లీ మొదటికొస్తుంది.

మీ చెల్లికి స్లైడ్ క్రీముతో పనిలేదు. పిస్టన్ వాల్వులైతే పిస్టన్ ఆయిల్. ఒక్కో వాల్వే బయటికి తీసి, ఆయిల్ వేసి, అది పెట్టేశాకే రెండోది తియ్యమను. మూడూ బల్ల మీద పరిచి ఏది ఎక్కడిదో తెలియక తికమకపడటం ప్రతి బ్యాండ్‌లోనూ జరిగేదే. పిస్టన్ల మీద అంకెలుంటాయి. తప్పుగా పెడితే గాలి దారి మూసుకుపోతుంది, ఊదినా శబ్దం రాదు, పాడైపోయిందేమోనని టెన్షన్. ట్యూబాల్లో కొన్నింటికి రోటరీ వాల్వులుంటాయి, వాటి బేరింగులకు వేసే ఆయిల్ వేరు, కొంచెం చిక్కగా ఉంటుంది.

ట్యూనింగ్ స్లైడ్‌కి గ్రీజు. రాయకుండా వదిలేస్తే పట్టేస్తుంది, తర్వాత ఎవరో ఒకరు గుంజి గొట్టం వంచుతారు. మౌత్‌పీస్ ఇరుక్కుపోతే మాత్రం పటకారు ముట్టుకోవద్దు. దానికి పుల్లర్ అనే పనిముట్టుంది. మనిషికొకటి అనవసరం, బ్యాండ్ మొత్తానికి ఒకటి చాలు.

కొత్త_స్లైడ్:
బాబాయ్, చూశాను. సగం దాకా బాగానే జారుతోంది, అక్కణ్నుంచి బరువుగా ఉంది. సొట్ట కనబడలేదు. లోపల నల్లటి జిగురు మాత్రం ఉంది.

రోటర్_బాబాయ్:
అయితే నీ మొదటి ఖర్చు బ్రష్షే. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు కొంచెం. వేడినీళ్లు పోస్తే లక్కర్ పూత లేచిపోతుంది, జాగ్రత్త. లోపలి గొట్టాలూ, బయటివీ రెండూ కడుగు. కడిగేటప్పుడు బయటి స్లైడ్‌ని గొట్టాలు పట్టుకుని నొక్కకు, అవి చాలా పలచన. తడి మురికి నెలల తరబడి ఉండిపోతే ఇత్తడిలోంచి జింకు పోయి గులాబీ రంగు మచ్చలు వస్తాయి. ముందు వచ్చేది మౌత్‌పీస్‌కి దగ్గరగా ఉన్న గొట్టంలోనే. ఒకసారి వచ్చాక తగ్గేది కాదది.

షాంక్_చెప్పండి_ముందు:
జాబితాలో "ఇంకో మౌత్‌పీస్" అని రాసినవాళ్లెవరో గానీ, ఏ షాంక్ (మౌత్‌పీస్‌లో వాయిద్యంలోకి దిగే కాడ) అని రాయలేదు. అక్కడే కొత్తవాళ్ల డబ్బు పోతుంది. 0.500 అంగుళం బోర్ (గొట్టం లోపలి వెడల్పు) ఉండే స్టూడెంట్ ట్రాంబోన్లకు చిన్న షాంక్, 0.547 బోర్ వాటికి పెద్ద షాంక్. యుఫోనియంలో రెండూ ఉన్నాయి, పాత బెస్సన్ కంపెనీవి కొన్నింటికి మధ్యస్థంగా ఉండే మూడో రకం కూడా ఉంది. రిసీవర్‌లో (మౌత్‌పీస్ దిగే గొట్టంలో) పెట్టి చూస్తే తెలిసిపోతుంది: లటలటా ఊగితే చిన్నది, కొంచెం కూడా దిగకుండా బయటే నిలబడితే పెద్దది.

అంకెలతోనూ జాగ్రత్త. బాక్ కంపెనీ మౌత్‌పీసుల్లో అంకె తగ్గేకొద్దీ కప్పు పెద్దది, షిల్కే కంపెనీవాటిలో అంకె పెరిగేకొద్దీ పెద్దది. బాక్ 12సి నుంచి 6½ ఏఎల్‌కి మారడం అందరూ చెప్పే మాటే, సబబైనదే. మొదటి నెలల్లో మాత్రం కాదు. పెదవి కండరాలు కుదురుకోకముందు ఏ మౌత్‌పీస్ పెట్టినా తేడా చెప్పలేరు.

పెడల్‌టోన్:
ఇక్కడ నాది వేరే మాట. 12సి చాలామంది పెద్దవాళ్ల పెదవులకు ఇరుకు. లావు పెదవులున్నవాడు దాంతో నెలల తరబడి కుస్తీ పట్టి "నాకు కింది స్వరాలు రావు" అని తేల్చేసుకుంటాడు. పిల్లలకైతే పర్వాలేదు. పెద్దవాళ్లు మొదలుపెడితే 6½ ఏఎల్‌తోనే మొదలుపెట్టొచ్చు, చిన్న షాంక్‌లోనూ దొరుకుతుంది.

షాంక్_చెప్పండి_ముందు:
టీచర్ చేతిలో ఉన్నది ఒకసారి అడిగి వాయించి చూసి కొంటే ఒప్పుకుంటా. జాబితా చూసి కొంటే ఒప్పుకోను.

మంద్రం:
ట్యూనర్, మెట్రోనోమ్ రెండూ ఫోన్‌లో ఉచితంగా ఉన్నాయి, కొనొద్దు. ఒక్క విషయం తెలిసి ఉండాలి. ట్రాంబోన్ మొదటి పొజిషన్‌లోని బి ఫ్లాట్ సుమారు 116 హెర్ట్జ్, ట్యూబాది అంతకు ఒక స్థాయి కింద, 58 దగ్గర. ఫోన్ మైకులు అంత కింది శబ్దాన్ని సరిగా పట్టవు. యాప్ ఆ స్వరంతోపాటు మోగే పై స్వరాలను బట్టి స్వరం పేరు చెప్పేస్తుంది గానీ ముల్లు ఊగుతూ ఉంటుంది. ట్యూబావాళ్లకు బెల్‌కి తగిలించే క్లిప్ ట్యూనర్ నయం, అది కంపనాన్ని నేరుగా అందుకుంటుంది.

అసలు ముల్లు చూస్తూ వాయించడం కన్నా, ఒక స్వరాన్ని ఆగకుండా మోగేలా పెట్టుకుని దానితో కలవడం మేలు. శ్రుతి తప్పితే అలలు అలలుగా కొట్టుకోవడం వినిపిస్తుంది, కలిసేకొద్దీ ఆ అలలు నెమ్మదిస్తాయి. ఫోన్ స్పీకర్‌లో కింది స్థాయి పెడితే వినపడదు, ఒక స్థాయి పైన పెట్టుకోండి.

ట్యూబా_మోసేవాడు:
మీ జాబితాలో ట్యూబావాళ్ల గోడు ఎక్కడా లేదు! యుఫోనియం నాలుగైదు కిలోలు, ట్యూబా పది కిలోల అటూఇటూ. మాకు అన్నిటికన్నా ముందు కావాల్సింది ట్యూబా స్టాండ్. పొట్టివాళ్లు ఒడిలో పెట్టుకుంటే మౌత్‌పీస్ నుదురు దగ్గరికి వస్తుంది, మెడ పైకి చాచి వాయిస్తారు. పొడుగువాళ్లు వంగిపోతారు. రెండు పద్ధతుల్లోనూ ఊపిరి సగమే. స్టాండ్ ఎత్తు సరిచేసి మౌత్‌పీస్‌ని నోటి దగ్గరికి తెస్తే అదే పెద్ద పాఠం. మాకు మ్యూట్ గొడవే లేదు, ట్యూబా మ్యూట్ మోయడానికి ఇంకో మనిషి కావాలి.

రెండోది ఊపిరి సాధనం. ఆర్నాల్డ్ జేకబ్స్ షికాగో సింఫనీలో 1944 నుంచి 1988 దాకా ట్యూబా వాయించాడు. ఆసుపత్రుల్లో రోగులతో ఊపిరి సాధన చేయించే, బంతులు పైకి లేచే పరికరాన్ని ఆయన శిష్యులకు ఇచ్చేవాడు. గాలి ఎంత పోతోందో కంటికి కనబడుతుంది, వాయిద్యం అడ్డు రాదు. గాలిసంచి కూడా వాడేవాడు. సంచితో మాత్రం జాగ్రత్త, వదిలిన గాలే మళ్లీ పీలిస్తే తల తిరుగుతుంది. కూర్చునే చేయాలి, కొద్దిసార్లే.

పక్కింటి_గోడ:
చూశారా, ఊపిరి పరికరం చప్పుడు చేయదు. మౌత్‌పీస్ ఒక్కటే పట్టుకుని బజింగ్ (పెదవులు అదిరించి ఊదడం) చేసినా చప్పుడు తక్కువే. మ్యూట్ వద్దనేవాళ్లు ఇలాంటి దారులైనా చెప్పాలి కదా.

పెడల్‌టోన్:
బజింగ్ కొంచెమైతే మంచిదే. అతిగా చేస్తే అదీ చేటే. మౌత్‌పీస్ వెనక గొట్టం లేనప్పుడు స్వరం తనంతట తాను ఒకచోట కుదురుకోదు, అంతా పెదవే మోయాలి. దాంతో పెదవి బిగుస్తుంది.

సరే, నా మాట కొంచెం సడలిస్తా. లాంగ్ టోన్లు (ఒక్కో స్వరాన్ని పొడుగ్గా పట్టడం), కింది స్వరాలు, శ్రుతి పని ఇవన్నీ బెల్ తెరిచే చేయాలి, వారంలో రెండు మూడు సార్లయినా. స్లైడ్ కసరత్తు, నోట్స్ చదవడం మ్యూట్‌తో చేసుకోండి. మ్యూట్ పెట్టి ట్యూనింగ్ స్లైడ్ జరపడం మాత్రం ఎప్పుడూ వద్దు. మొదటి మూడు నెలలు అసలే వద్దని నేనిప్పటికీ అంటాను.

పక్కింటి_గోడ:
ఆ మూడు నెలలు మా గోడ అవతలివాళ్లకు మీరే చెప్పాలి.

కొత్త_స్లైడ్:
బ్రష్‌లు, క్రీము, పిస్టన్ ఆయిల్, గ్రీజు ఇప్పుడు తీసుకుంటున్నాం. మౌత్‌పీస్ టీచర్‌ని అడిగి వాయించి చూస్తాను. చెల్లి యుఫోనియం రిసీవర్‌లో నా మౌత్‌పీస్ లటలటా ఊగింది, అంటే ఆమెది నాకన్నా పెద్ద షాంకే. మ్యూట్ తర్వాత చూద్దాం, ఈలోగా మధ్యాహ్నాలు బ్యాండ్ గది ఖాళీగా ఉంటుందేమో అడుగుతా. మ్యూజిక్ స్టాండ్ గురించి ఎవరూ చెప్పలేదు. నా స్లైడ్ వెళ్లి మాటిమాటికీ స్టాండ్‌కి తగులుతోంది.

రోటర్_బాబాయ్:
తగలనివ్వకు, సొట్టలు అలాగే వస్తాయి! ముందు ఏడో పొజిషన్ దాకా స్లైడ్ చాపు, ఆ దారికి అడ్డం రాకుండా స్టాండ్‌ని కాస్త పక్కకి, కాస్త కిందికి పెట్టు. బెల్ కూడా కాగితాల వెనక దాక్కోకూడదు. స్టాండ్ బరువైనది తీసుకో, తేలికపాటి మడత స్టాండ్ పుస్తకం పెడితే ట్రాంబోన్ మీదికే పడుతుంది.